పెరట్లో నిలబడ్డ జింక

వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి న్యూజెర్సీకి మారిన మొదటి ఆదివారం పొద్దున, రఘోత్తం కిచెన్ అద్దం తలుపు దగ్గరే నిలబడిపోయాడు. భార్య నీరజ వెనకనుంచి వచ్చింది.

"ఏం చూస్తున్నావ్?"

"ఆ జింకని. భుజం మీద గాయం చూడు. పోయిన నవంబర్‌లో వర్జీనియా అడవిలో నేను కాల్చింది సరిగ్గా అక్కడే. సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు."

"అంత దూరం నుంచి ఎలా వస్తుంది? ఇది వేరేదయ్యుంటుంది. తరిమెయ్."

"తలుపు బాదాను. బెదరలేదు."

"నీ దగ్గర రైఫిల్ లేదని తెలిసిందేమో. ఇక్కడి రూల్స్ కఠినమని అక్కడి మన పక్కింటి ఫణి దగ్గర వదిలేశావుగా."

"ఫణికి ఇందాకే ఫోన్ చేశాను. రైఫిల్ భద్రంగానే ఉందట. కానీ మన పాత ఇంటి వెనక రోజూ రాత్రి మనం పడుకున్నాక ఒక జింక నిలబడేదట నీరూ. చెప్తే కాల్చేస్తానని నాకు చెప్పలేదట."

"ఇప్పుడూ వస్తోందా?"

"మనం ట్రక్కులో సామాను ఎక్కించిన రోజు నుంచి రావట్లేదట."

నీరజ మెల్లగా తలుపు గడియ వేసింది.

"అది ఎందుకలా కదలకుండా చూస్తోంది?"

"ఇన్నేళ్లూ చెట్ల చాటున అలా మాటు వేసింది నేను," అన్నాడు రఘోత్తం. "ఇప్పుడు దాని వంతు."