మోకాలి మీది మచ్చ

ఆ ఫోన్ జర కింద పెట్టు ఎస్సై సారూ. మొకం ముంగట అది ఉంటె నాకు మాట రాదు. ఆకు తడిపి పెట్టిన, ఆరితె కత్తెరకు పగులుతది. నేను బీడీలు చుట్టుకుంటనే చెప్త, నువ్వు గద్దె మీద కూసోని ఇను.

"యాదగిరీ, లొంగిపో, ఇంటికి రా" అనాలె. గంతేనా? గా నాలుగు మాటలకు జగిత్యాల నుంచి సారంగాపూర్ దాక జీపేసుకొని అచ్చినవా?

చెప్పుడు బాగనే చెప్పినవు. దళంలకెల్లి లొంగిపోయినోళ్లు చెప్పిండ్రట, నా పెనిమిటి సరిహద్దు అవతల అడివిల బతికే ఉన్నడని. ఫోటో గూడ చూపెట్టినవు. ముసలోడయిండు, కండ్లద్దాలు పెట్టుకున్నడు. కని ఆయనే. గా ముక్కు ఆయనదే.

మరి నేను కాలవెట్టింది ఎవల్ని సారూ?

తలకాయ దించుకోకు, నిన్నంటలేను. అప్పటికి నువ్వు బడికి పోతుంటివేమో. కాల్పులయినయని టీవీల ఆయన పేరు చెప్పిండ్రు. నేను, మా మరిది పోయినం. దవాఖాన ఎనుక రేకుల కొట్టంల పండవెట్టిండ్రు. మొకం లేదు. ఎండకాలం. "జల్ది చూసి చెప్పుండ్రి" అన్నరు. మోకాలి మీద మచ్చ కనవడ్డది. మా ఆయనకు గూడ ఉండె. "ఆయనే" అన్న.

మోకాలి మీద మచ్చ ఎవలికి ఉండదు? చిన్నప్పుడు పడనోడు ఎవడు? కని టీవీల పేరు ఇన్నంక నాకు ఇంకొకలెట్ల కనవడ్తరు చెప్పు.

డప్పులతోని తీస్కపోయినం. గాజులు పగలగొట్టిండ్రు, మెట్టెలు తీసిండ్రు. తీసేటందుకు వాడకట్టు ఆడోళ్లందరు అచ్చిండ్రు. మల్ల పెట్టేటందుకు ఎవలస్తరు? ఇందాక నీ జీపు చూసి అచ్చిన మా వాడల పెద్దమనిషి కనకవ్వను అడిగిన. "గసొంటి పద్ధతి నేను ఏడ ఇనలే పిల్లా" అన్నది. ఇగ మొగుడు సచ్చినందుకచ్చే గా పింఛన్ ముచ్చట నువ్వు ఎత్తకు, నేను ఎత్తను.

ఏటేట పెత్తరమాసకు, సచ్చినోళ్లకు ఇచ్చుకునే దినం, ఆయన పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చిన. బతికున్నోని పేరు మీద ఇచ్చిన బియ్యం ఎవలికి ముట్టినట్టు? కాలిన పిలగానికి ముడుతదా, వాని పేరే నాకు తెల్వకపాయె.

ఇందాక నువ్వు అడిగితివి గదా, "ఈడ లడాయంత సల్లవడ్డది, అవతల అడివిల ఇంక ఎందుకు సల్లవడ్తలేదమ్మా" అని. నేను సదువుకున్నదాన్ని కాదు. ఈడ ఎట్ల సల్లవడ్డదో మాత్రం ఎరుకే. దొర కింద వెట్టి బందయింది. పోరగాండ్లకు దుబాయి తొవ్వ దొరికింది. ఠాణాకు పోతె "ఏందమ్మా" అనేటోడు ఒకడన్న ఉన్నడు. సచ్చినోని పీనుగు ఇంటికచ్చింది.

ఆడ? నేను కాలవెట్టిన పిలగాడు గా అవతలి దిక్కోడే అయ్యుంటడు, వాని తల్లిని ఒక్కపారి తల్సుకో. ఆమె కొడుకు నా చేతుల కాలిండని ఆమెకు ఎవలన్న చెప్పిండ్రా? ఏ ఆఫీసుకు పోతది, ఏ భాషల అడుగుతది? ఎండకాలమస్తె తునికాకు తెంపుకుంట తొవ్వ దిక్కే చూస్తుంటది. ఇగో, ఈ ఆకు గా దిక్కు నుంచే అస్తది. ఆమె తెంపిందో, ఎవలు తెంపిండ్రో.

ఆమె చిన్న కొడుకు అడుగుతడు, "అవ్వా, అన్న ఏడి?" అని. ఆమెకు తెల్వదు. మీరు చెప్పరు. చెప్పేటోడు ఒక్కడే, తుపాకి వట్టుకొని అడివిల ఉన్నడు. పోరడు వాని దగ్గరికే పోతడు. గంతే సారూ. మా ఆయన చెప్పే పెద్ద పెద్ద ముచ్చట్లు నాకు తెల్వయి.

ఆయన తప్పు లేదంటలేను. బతికున్ననని ఒక్క మాట పంపలే. సచ్చిండనుకుంటె నన్ను సతాయించరని ఊకున్నడట, నువ్వే అంటివి. సతాయించుడు ఆగింది, నిజమే. పోలీసోళ్లు అచ్చుడు బందయింది, ఆయన దోస్తులు అచ్చుడు బందయింది. ఈ తలుపు కొట్టినోడు లేడు.

ఇగ ఫోన్ వట్టు. చెప్త. రమ్మనే చెప్త. ఆయన గూడ ఎవలి చేతులనో, ఎవలి పేరు మీదనో కాలొద్దు.

కని ఒక్క మాట మాత్రం రికార్డు చెయ్యకు. నువ్వు జీపు దిగి "బతికే ఉన్నడమ్మా" అన్నప్పుడు నాకు సంబురం కాలే. భయమయింది. ఇన్నేండ్లు బీడీలు చుట్టుకుంట గా సచ్చినాయనతోనే ముచ్చట పెట్టిన. కూర మాడిందని, నడుము నొస్తుందని, వాన పడ్తలేదని. అన్నీ ఇన్నడు. మీటింగుందని నడుమల లేచిపోలే. ఇయ్యాల ఆయన గూడ లేడంటివి.

బతికున్న యాదగిరితోని ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు సారూ. నువ్వే చెప్పు, గదే అంట.