తెలిసిన డాక్టరు

పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. బస్టాండు ఉద్యోగులకు, మా వీధి వాళ్లకు, బంధువులకు, ఆస్పత్రి వరండాల్లో పరిచయమై ఇవాళ ఇంత దూరం వచ్చిన వాళ్లకు కూడా.

మా వదిన ఇక లేదు. కిందటి మంగళవారం పొద్దున, డ్యూటీకి బయల్దేరబోతూ, అద్దం ముందు జడ వేసుకుంటూ కూలబడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఎంతమందికో డాక్టర్లను వెతికిపెట్టిన మనిషి, తన కోసం ఒక్క డాక్టరును వెతికే వ్యవధి కూడా మాకు ఇవ్వలేదు.

నేను ఆమె మరిదిని. లిఫ్టులు బాగుచేసే పని నాది. ఉపన్యాసాలు నాకు చేతకావు. ఆమెను దేవతను చేయమని నన్నెవరూ అడగలేదు, అడిగినా చేయను. మా వదినకు కోపం ఎక్కువ. వంటలో ఉప్పు తక్కువ. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపు ఇంకో ప్రశ్న వేసేది. నేను చూసినవి చూసినట్టు చెప్పి దిగిపోతాను.

బస్టాండులో ఆమెది ఎంక్వయిరీ కౌంటరు. ఏ బస్సు ఎప్పుడు, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ మారాలి, పొద్దస్తమానం ఇదే పని. అందుకే అక్కడందరికీ ఆమె 'ఎంక్వయిరీ అక్క'.

ఈ ముందు వరసలో కూర్చున్న మా అన్నయ్య ఆ రోజుల్లో పుట్టగొడుగులు పెంచే షెడ్డులో సూపర్‌వైజరు. తడి ఎరువు, మూసిన తలుపులు, మసక వెలుతురు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొడిదగ్గు, ఒళ్లు వెచ్చబడటం. రాను రాను రెండంతస్తుల మెట్లెక్కడానికి మధ్యలో కూర్చోవలసి వచ్చేది. వీధి చివరి డాక్టరు ఉబ్బసం అన్నాడు, పీల్చే మందిచ్చాడు. తగ్గలేదు. ఇంకొకాయన క్షయేమోనని పరీక్షలు చేయించాడు. అది కాదని తేలింది. మరి ఏమిటి? ఎవరూ చెప్పలేదు.

అప్పుడు మా మేనమామ రంగంలోకి దిగాడు. ఊళ్లో ప్రతి డాక్టరూ తనకు తెలుసంటాడు. ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. ఆయన పంపించిన పెద్ద డాక్టరు దగ్గర పొద్దంతా కూర్చున్నాం. ఎక్స్‌రేల కవరు నా చేతిలో. పిలుపు వచ్చింది, లోపలికెళ్లాం, ఆయన తల ఎత్తకుండానే పాత మందు తీసేసి కొత్త మందు రాశాడు. అంతే. బయటికొచ్చాక మేనమామ ఫోన్లో, "ఎలా చూశాడమ్మా మన డాక్టరు?" అని అడిగాడు. వదిన అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "మావయ్యా, మీకు తెలిసిన డాక్టరు మనకొద్దు. ఈ జబ్బు తెలిసిన డాక్టరు కావాలి."

ఆ డాక్టరును ఎలా వెతకాలి? బోర్డు మీద డిగ్రీలు చూసా? గుమిగూడిన జనాన్ని చూసా?

ఫొటో స్టూడియో మీద చిన్న గదిలో ఒక ఛాతీ డాక్టరు ఉండేవాడు. ఆయన అన్నయ్య స్కాన్‌ను కిటికీ వెలుతురులో పెట్టి ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకు అర్థం కావడం లేదండీ. ఇది మామూలు ఆయాసం కాదు. ఊపిరితిత్తుల్లో మచ్చలు పడే జబ్బులే చూసేవాళ్లు వేరే ఉంటారు. నా మాట విని అక్కడికెళ్లండి" అన్నాడు. మెట్లు దిగుతూ అన్నయ్య మండిపడ్డాడు. ఇంతమంది చుట్టూ తిరిగాక చివరికి తెలియదనేవాడు దొరికాడా అని. వదిన మాత్రం మా ఇద్దరికీ టీ ఇప్పించి తాపీగా అంది: "నా కౌంటరు దగ్గర చూస్తుంటాగా! తెలియకపోయినా చెప్పేవాడి మాట నమ్మి జనం తప్పు బస్సెక్కుతారు. నాకు తెలీదు, అక్కడడగండి అన్నవాడే మనల్ని ఇల్లు చేరుస్తాడు."

అయ్యా, అమ్మా, ఆమె పద్ధతంతా ఇదే.

ఆయన పంపించిన స్పెషలిస్టు ఒకావిడ. రైల్లో వెళ్లాం. ఆవిడ ఛాతీ చూసే ముందు ప్రశ్నలు అడిగింది. ఇంట్లో పక్షులున్నాయా? గోడలకు చెమ్మ ఉందా? దిండులో ఏముంది? పని ఎక్కడ? ఆ తర్వాత, "ఆదివారం ఎలా ఉంటుంది మీకు?" అంది. జవాబు చెప్పింది వదినే. "ఆదివారం పెద్దగా దగ్గు ఉండదండీ. కాలు విరిగి మంచం మీదున్నప్పుడైతే అసలు దగ్గలేదు." మేము రోజూ చూస్తున్నదే. చెప్పదగ్గ విషయమని మాకు తెలియదు, అడిగినవాళ్లు లేరు.

ఆవిడ తేల్చి చెప్పింది: షెడ్డులో తడి ఎరువు నుంచి లేచే బూజు ధూళి ఊపిరితిత్తులకు పడటం లేదు. మందులతో పాటు ఆ పని మానాలి, వేరే దారి లేదు. అన్నయ్య మొండికేశాడు. మానేసి గోడలు చూస్తూ కూర్చోవాలా అన్నాడు. వదిన, "కూర్చో. ఊపిరాడుతుంటే గోడలైనా చూడొచ్చు" అంది. మానేశాడు. అప్పటికే పడ్డ మచ్చలు పోలేదు. జబ్బు మాత్రం చాలా ఏళ్లు అక్కడే ఆగింది. ఇది గెలుపా, ఓటమా? నాకు తెలియదు. అన్నయ్య ఇవాళ ఇక్కడ ఉన్నాడు, అంతవరకే చెప్పగలను.

తర్వాత ఆయాసంతో ఉన్న ప్రతివాళ్లూ ఆమె కౌంటరు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆమె డాక్టరు పేరు వెంటనే చెప్పేది కాదు. ఏం పని చేస్తావు, ఎప్పుడు బాగుంటావు అని అడిగేది. ఒక టాక్సీ డ్రైవరుతో, "నీకు స్పెషలిస్టు తర్వాత, ముందు జేబులో ఆ సిగరెట్లు పారెయ్" అంది. పొరబడింది కూడా. పక్కింటి పెద్దాయన్ని పట్టుబట్టి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపింది. తీరా చూస్తే లోపం గుండెలో ఉంది. వాళ్లింటికి తనే వెళ్లి తప్పు ఒప్పుకుంది. అప్పటి నుంచి వచ్చినవాళ్లందరికీ ముందే చెప్పేది: "నేను డాక్టర్ని కాదు. దారి చెప్పేదాన్ని."

ఇక నేను ఆపేస్తాను. అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. అన్నయ్యా, నువ్వు లేవకు.

ఒక్క మాట. మనం నిశ్శబ్దం కాగానే మీకొక చప్పుడు వినిపిస్తుంది. అన్నయ్య కుర్చీ పక్కనున్న ఆక్సిజన్ మిషనుది. రెండేళ్లుగా మా వదిన ఆ చప్పుడు వింటూ నిద్రపోయేది. అది ఆగితేనే ఆమెకు మెలకువ వచ్చేది. ఇబ్బంది పడకండి, దాన్ని అలాగే ఉండనివ్వండి.

లేవండి.