చుక్క కింద పడకూడదు

బుక్కరాయసముద్రం రోడ్డు పక్కన కుళ్లాయప్ప సైకిలంగడి ముందర, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక చేత్తో సైకిలూ ఇంకో చేత్తో గుండెకు అదుముకున్న నీళ్ల సీసా పట్టుకుని, ఏది వదిలితే ఏం మునుగుతుందో తెలియక నరేంద్ర నిలబడి అప్పటికే చాలాసేపయింది.

"ఆ సీసా కింద పెట్టి మాట్లాడప్పా అంటే వినవేం?"

"కింద పెట్టేదానికి లేదన్నా. అదే గదా ఇందాకట్నుంచి చెప్తాండేది."

"పసిబిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకున్నావు. సైకిలు గోడకు ఆనించు. సీసా ఆ బండ మీద పెట్టు. నిదానంగా చెప్పు."

"బండ గూడా నేలే గదన్నా."

"బండ నేలా?"

"నేల మీదుండాది గదా."

"నేనూ నేల మీదనే ఉండా. నేనూ నేలనేనా?"

"నువ్వు కాదు. నువ్వు పట్టుకోవచ్చు. పట్టుకుంటావా అన్నా, రెండు నిమిషాలు? చేతులు శుభ్రంగా..."

"సైకిలంగడోని చేతులు శుభ్రంగానా? ఇదో, చూడు. ఇవి తెల్లగుండి ముప్పై ఏండ్లయింది."

"పరవాలేదు. గ్రీసుకు దోషం లేదు. ఇదో, పట్టుకో. నేలకు ఆనకూడదు, అంతే. చుక్క కింద పడకూడదు. పడిందంటే మళ్లా పామిడికి పోవాల నేను."

"పామిడికా? పామిడికి ఎందుకు?"

"పెన్నేటి నీళ్లన్నా ఇవి. ఇసకలో చెలిమ తీసి ముంచినా. తనకల్లు కాడ మా ఊర్లో సుంకులమ్మకు పోయాల, వాన కోసరం. ఏట్లో ముంచిన కాడ నుంచి అమ్మవారి నెత్తి దాకా యాడా నేలకు తగలకూడదు."

"పోయిన యేడు తొమ్మిదిమంది నెత్తిన బిందెలు పెట్టుకొని, పలకలు కొట్టుకుంటా ఈ దావనే పోయినారే. వాళ్లు మీ ఊరోళ్లేనా?"

"మా ఊరోళ్లే. నడిచి పోయి నడిచి వచ్చినారు. అయినా వాన పడలేదు. ఈ యేడు ఆ తొమ్మిదిమందీ బెంగళూర్లో సెంట్రింగు పనుల్లో ఉండారు. ఉండేది నేనొక్కడ్నే. ఏ పొద్దూ ఈ సైకిలేసుకొని ఊర్లు పట్టుకొని తిరుగుతాంటావు, ఒక్క తూరి పనికొచ్చే తిరుగుడు తిరిగి రాపో అన్నారు."

"బస్సెక్కొచ్చు గదప్పా."

"ఇంజను బండి పనికిరాదంట. మనిషి కాళ్లతోనే రావాల. సైకిలు కాళ్లతో తొక్కేదే గదా అని ఒప్పించేదానికే ఒక పూట పంచాయితీ."

"మరి ఎప్పుడు బయల్దేరినావు?"

"నీళ్లు ముంచుకొనింది మొన్న. పామిడి దాటంగానే స్పీడు బ్రేకరు. సీసా స్టాండులోంచి ఎగిరి రోడ్డు మీద పడింది. వెనక్కి పోయి పారబోసి, మళ్లా ముంచుకొని వచ్చినా. నిన్న గార్లదిన్నె దాకా వచ్చినాక..."

"మళ్లా పడిందా?"

"పడి, దొర్లుకుంటా పోయింది. మళ్లా వెనక్కి పోయినా. ఈ పొద్దు మూడో తూరి. మళ్లా పడకుండా గట్టిగా కట్టియ్యన్నా."

"మూత ఊడిందా?"

"లేదు."

"చుక్కన్నా కారిందా?"

"లేదు."

"పడేది ఎవురన్నా చూసినారా?"

"ఎవురూ లేరు. ఎండకు కుక్క గూడా లేదు."

"అయితే దుమ్ము తుడుచుకొని రావచ్చు గదప్పా!"

"నేను చూసినా గదన్నా."

"నువ్వు చూసినావు. ఊ. సరే. ఎవురి పిల్లోడివి నువ్వు?"

"దాసప్ప మనవడ్ని. మా తాత ఇరవై రెండేండ్లు ఒక్కడే తెచ్చినాడు ఈ నీళ్లు. ఆయన పోయినాకనే ఆ తొమ్మిదిమంది తెచ్చింది. ఏమన్నా, తెలుసా మా తాత?"

"ఆ స్పానరు ఇట్ల అందియ్యి."

"తెలుసా అన్నా?"

"అది కాదు. దాని పక్కది."

"అడుగుతాంటే చెప్పవే?"

"సైకిలు క్యారియరుకు అటొక బిందె, ఇటొక బిందె. నెత్తికి ఎర్ర తువ్వాల. బీడీ తాగేవాడు కాదు, పక్కోడు తాగితే దగ్గరికి జరిగి కూర్చునేవాడు. ఆయనేనా?"

"ఆయనే! ఆయనే అన్నా! నీ అంగటికి వచ్చేవాడా?"

"దావలో గదా. గాలి కొట్టుకొనేదానికి."

"ఇరవై రెండేండ్లూ?"

"గాలి ప్రతి యేడూ దిగుతాది గదప్పా. ఊరికే అడగొద్దు. నా చేతులు నొప్పి పుడతాండాయి. ఈ సీసాను ఆ తొట్టిలో పెడతా. తొట్టి నేల గాదు."

"వద్దన్నా! అది పంక్చర్లు చూసే తొట్టి గదా. మురికి."

"మురికా? మురికంట! దాసప్ప మనవడు నా తొట్టిని మురికంటాండాడు!"

"ఎందుకన్నా అట్ల నగుతావు?"

"ఏం లేదప్పా. ఎండిపోయి నెలయింది అది. కొళాయి రాదు, ట్యాంకరోడు రేపంటాడు. ఆ తొట్టి నిండుగా ఉండింటే నీకు ఇంత కష్టం ఉండేది కాదు."

"నా కష్టానికీ తొట్టికీ ఏం సంబంధమన్నా?"

"సంబంధమా? సీసా పెట్టే స్టాండు చూద్దాం రా. మూడుండాయి, ఏది అమ్మవారిది?"

"కింద రెండూ నేను తాగే నీళ్లకు. రెండు సీసాలూ అయిపోయినాయి. సీటు వెనకాలది అమ్మవారికి. ఎత్తులో ఉండాల గదా అని."

"అదే తప్పు. చక్రం మీద, ఎత్తులో పెడితే ప్రతి గుంతా సీసాకే తగుల్తాది. బరువు ఎప్పుడూ కింద, నడుమ ఉండాల. ఇదో, పెడలుకు పైన, ఈ రెండు పైపుల సందులో."

"కాళ్ల నడుమనా! అమ్మవారి నీళ్లు!"

"మీ తాత చక్రం పక్కనే పెట్టుకున్నాడు."

"తొక్కేటప్పుడు కాలు తగుల్తాదన్నా."

"తగిలితే కండ్లకద్దుకో."

"తొక్కేటప్పుడేనా?"

"తొక్కుకుంటానే అద్దుకో. హ్యాండిలు ఒక చేత్తో పట్టేది రాదా నీకు? ఇంకొకటి, ఈ మూతకు చప్పరించేది ఉండాదే, నోట్లో పెట్టుకొని తాగేదా? ఎంగిలి గదప్పా ఇది!"

"కొత్త సీసా అన్నా. ఎవురూ నోరు పెట్టలేదు."

"నువ్వు గూడా?"

"చచ్చినా పెట్టను. నిన్న గార్లదిన్నె కాడ కండ్లు తిరిగినాయి. ఈ సీసా ఒళ్లో పెట్టుకొని కంపచెట్టు నీడలో కూర్చోని ఏడ్చినా గానీ, నోరు పెట్టలేదు."

"ఏడ్చినావా?"

"దప్పికకు గాదన్నా. మా అవ్వ గుర్తొచ్చి. వీడేం తెస్తాడని అందరూ నగినారు. నా మనవడు తెస్తాడు, తెచ్చేదాకా నేను పచ్చి మంచినీళ్లు ముట్టనని గుడి ముందర కూర్చునింది. డెబ్బై నాలుగేండ్లు ఆమెకు. ఒక్క దినంలో వస్తాననుకొనింది పాపం. ఆస్పత్రి నర్సమ్మ వచ్చి తిట్టినాక పూటకొక గ్లాసు మజ్జిగ తాగుతాందంట. ఇట్లనే పోతే మనిషి దక్కదన్నా. అందుకే తొందరగా కట్టు."

"తిమ్మమ్మక్క ఒక్కపొద్దుండాదా?"

"మా అవ్వ పేరు నీకెట్ల తెలుసు?"

"మీ తాత చెప్పేవాడు. నువ్వు వచ్చేటప్పుడు ఆమె ఏమన్నా చెప్పిందా నీకు?"

"మీ తాత ముంచిన కాడనే ముంచుకొని రా నాయనా అనింది. చుట్టూ ఊరంతా ఉండారు. చెవి పట్టుకొని వంచి రెండు తూర్లు చెప్పింది."

"చెవి పట్టుకొని."

"అవును."

"వంచి. రెండు తూర్లు."

"అవునన్నా. ఏం?"

"ఏం లేదు. పాత ట్యూబు ముక్క ఉండాది, అందుకో. మొదట పైపుకు రబ్బరు చుట్టాల, సీసా జారకుండా. ఆమీద సీసా. ఆమీద మళ్లా రబ్బరు, ఎనిమిది అంకె మాదిరి, అటు తిప్పి ఇటు. మెడకొక ముడి. నడుముకొకటి. ఇప్పుడు వైరు. పట్టుకో. లాగు."

"చాలన్నా."

"చాలిందని నీకు తెలుసు. స్పీడు బ్రేకరుకు తెలీదు గదా. ఇంకొక చుట్టు. ఇప్పుడు గుంజు సీసాను."

"రావడం లేదు."

"కాలు పెట్టి గుంజు."

"అమ్మవారి నీళ్లకు కాలా!"

"సైకిలుకు పెట్టప్పా కాలు! సీసాను చేత్తో గుంజు."

"ఊహూఁ. కదలడం లేదన్నా."

"కదలదు. సుంకులమ్మే దిగొచ్చి గుంజినా కదలదు. ఆహా, చూడు ఎట్ల కూర్చునిందో! నీ ఫోను మోగుతాంది."

"మా అవ్వ! జేబులోంచి నువ్వే తీయన్నా, సైకిలు పట్టుకోనుండా. స్పీకరు పెట్టు. అవ్వా!"

"నరేంద్రా."

"ఏమవ్వా, గొంతు అట్లయింది?"

"నాలుక ఎండింది, ఏముండాది. యాడుండావు నాయనా?"

"వస్తాండా అవ్వా. సీసా గట్టిగా కట్టిచ్చినా. ఇంక ఆగను. పెన్నేటి నీళ్లవ్వా, నా చేత్తో చెలిమ తీసి ముంచినా."

"పెన్నేటి నీళ్లా?"

"అవును."

"పామిడి దాకా పోయినావా?"

"మూడు తూర్లు పోయినా."

"అయ్యో నా తండ్రీ! మీ తాత ముంచిన కాడ ముంచుకొని రారా అంటే పామిడికి ఎందుకు పోయినావు?"

"మరి యాడికి పోవాల?"

"బుక్కరాయసముద్రంలో ఒక సైకిలంగడుండాది. కుళ్లాయప్ప అని..."

"నేనుండేది ఆడనే అవ్వా!"

"తిమ్మమ్మక్కా, నేనే, కుళ్లాయప్పను. నేనేం చెప్పలేదక్కా. దాసప్పన్నకు మాటిచ్చినా, మాట మీదనే ఉండా."

"ఏం చెప్పలేదు? ఏందన్నా అది?"

"చెప్పెయ్యి కుళ్లాయప్పా. నాకు ఓపిక లేదు."

"ఏం చెప్పేదప్పా. మీ తాత మొదటి యేడు నిజంగానే పామిడికి పోయినాడు. వచ్చేటప్పుడు ఇదో, నా అంగడి ముందరే సైకిలు పడి బిందెలు రెండూ ఒలికిపోయినాయి. నీ మాదిరే కూర్చోని ఏడ్చినాడు. చూడలేక, ఆ తొట్టిలో నీళ్లు ఎత్తి బిందెల్లో పోసి పంపిచ్చినా."

"పంక్చరు తొట్టిలోవా?"

"ఆ యేడు వానకు మన చెరువు కట్ట తెగిందిరా నరేంద్రా. రెండు గొర్రెలు గూడా కొట్టుకపోయినాయి మనవి."

"మళ్లా యేడు మీ తాత పామిడికని బయల్దేరి, ఈడికొచ్చి ఆగిపోయినాడప్పా. కుళ్లాయప్పా, ఇప్పుడు నీళ్లు మారిస్తే అమ్మవారికి కోపమొస్తే ఎట్ల అన్నాడు. ఆ పొద్దు నుంచి ప్రతి యేడూ ఈ తొట్టిలోవే."

"ఇరవై రెండేండ్లు అమ్మవారి నెత్తిన పంక్చరు నీళ్లు పోసినాడా మా తాత!"

"పంక్చరుకు పూసే సొల్యూషను వాసనొచ్చేది నాయనా. పెన్నేటి వాసన ఎంత బాగుందో అని ఊరంతా తీర్థం తాగేవాళ్లు. పోయిన యేడు నిజం పెన్నేటి నీళ్లు పోసినారు. ఏమయింది? దుమ్ము లేచింది. వాసన కనిపెట్టే తల్లిరా మన సుంకులమ్మ. నువ్వు ఆ సీసాలోవి పారబోసి, తొట్టిలోవి నింపుకొని రా. బిరీన."

"తొట్టి ఎండిపోయిందవ్వా!"

"ఏందీ?"

"నెలయిందక్కా. ట్యాంకరు రేపొస్తాది."

"రేపటిదాకా నేనుండనురా."

"అట్లనొద్దవ్వా! అన్నా, ఏందన్నా చేసేది? మా అవ్వకేమన్నా అయితే నేను బతకలేను. ఏదన్నా చెప్పన్నా!"

"ఉండప్పా, ఉండు. అక్కా, ఒక మాట. నీళ్లు యాడివైతేనేం? ఈ తొట్టిలో పడి లేస్తే ఈ తొట్టి నీళ్లే గదా?"

"తొట్టి అడుగున ఆ బంకా, మట్టీ అట్లనే ఉండాయా?"

"అట్లనే ఉండాయి. నేను దాన్ని కడిగిన పాపాన పోలేదు."

"అట్లయితే అవుతాది. కానీండి."

"అంటే అన్నా, ఈ పెన్నేటి నీళ్లు..."

"తొట్టిలో పోసి, బాగా కలిపి, మళ్లా గ్లాసుతో సీసాలోకి. తీయి సీసా."

"యాడొస్తాదన్నా? నువ్వే గదా కట్టినావు! వైరు కోసెయ్యి."

"కోసేదానికి చేయి రాదప్పా. ఇంత బాగా నా జన్మలో కట్టలేదు. మూత తిప్పు. సైకిలే ఎత్తి తొట్టిలోకి ఒంచుదాం. వెనక చక్రం నువ్వు పట్టు."

"పట్టినా."

"ఎత్తు. ఇట్ల రా. ఇంకా. ఇంకా ఒంచు."

"నిదానమన్నా, నిదానం! చుక్క కింద పడిందంటే మళ్లా పామిడికి పోవాల నేను!"