ప్రశ్న చదివి వినిపించినందుకు

అవును సార్, నేనే చదివి వినిపించినా. ఫస్టు ర్యాంకు పిల్ల నాయన, ఆ గుణశేఖర్ మీతో చెప్పింది అబద్ధం కాదు. మీరు హెడ్మాస్టరు, మెమో రాయాలంటే రాయండి. అయితే 'టీచర్ కృపారాణి కాపీ కొట్టించింది' అని మాత్రం రాయొద్దు. ఆ మాట నేను ఒప్పుకోను.

పరుపులు కుట్టే జానీ బాషా కూతురు సుమయ్యా, మన ఏడో తరగతి బిడ్డ... దాని కండ్లకి 'మ', 'య' ఒకటే మాదిరి కనపడతాయి సార్. ఒక్క లైను చదివేదానికి పది నిమిషాలు పడతాది. అందరూ సోంబేరి, సోమరిపోతు అని తిట్టినోళ్లే. సోంబేరి అంట! అక్షరాలతో అంత కుస్తీ పట్టే బిడ్డ ఈ బడిలో ఇంకొకరుండారా?

నిన్న సైన్సు పరీక్షకి వరండాలో విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు చదివినా. అంతే! జవాబు ఒక్క ముక్క చెప్పలా. 'దూది పరుపు ఎందుకు వెచ్చగా ఉంటుంది?' అని చదివినానో లేదో, ఆ బిడ్డ మొగం వెలిగిపోయింది. "దూది సందుల్లో గాలి ఇరుక్కుంటాది, అది వేడిని బయటికి పోనియ్యదు" అని తనలో తాను అనుకుంటా, తప్పులతోనే తానే రాసింది. సూడండి ఆ పేపరు, సూడండి!

ఏంది సార్? డాక్టరు సర్టిఫికెట్టా? అర్జీ పెట్టి ఏడు నెలలాయ. అది వచ్చేదాకా పరీక్షలు ఆగుతాయా? ఇట్లాంటి బిడ్డలకి తిరుపతిలో వేరే బడి ఉండాదంటారా? యాడికో ఎందుకు పోవల్ల? ఇది ఆ బిడ్డ బడి కాదా?

నాకెందుకింత పంతమా... చెప్తా, వినండి.

పదేండ్ల కింద, నేను ముందు పనిచేసిన బడిలో, మునెయ్య కూతురు గంగాదేవి అచ్చం ఇట్లాంటిదే. రెండేండ్లు వెనక బెంచీలో కూర్చోబెట్టినా. టెన్తు పరీక్షలకి మునెయ్యని పిలిపించి, "ఈ ఏడు వద్దులే అప్పా" అని నేనే మాన్పించినా. బడి నూటికి నూరు పాసాయ. నాకు శాలువా కప్పినారు సార్, శాలువా!

మొన్న పుత్తూరు బస్టాండులో కనపడింది. సంకలో బిడ్డ. నన్ను సూసి నవ్వి, "మేడం, బాగుండారా? ఈ బస్సు యాడికి పోతాది?" అనింది. బోర్డు దాని నెత్తిమీదనే ఉండాది సార్.

దానికి నన్ను ఒక్కరు... ఒక్కరన్నా 'తప్పు చేసినావు' అనలా.

రేపు లెక్కల పరీక్ష. అదీ నేనే చదివి వినిపిస్తా. ఏం చేసుకుంటారో చేసుకోండి.