ఏడో ప్లేటు

ఆ సినిమానా? నీ ఫోన్లోకి కూడా వచ్చేసిందా? ఇలా తే, చూడనీ. ఆఁ, ఇదే. ఆ బల్ల ముందు కూర్చున్నాయన ఎస్కిల్, మా పక్కింటాయన. ఆ లేచే కుర్రాడు పల్లే, ఆయన సొంత కొడుకే. యాక్టర్లు కారమ్మా వాళ్ళు. రేవులో ఇద్దరూ పోట్లాడుకుంటుంటే, కోపెన్‌హాగన్ నుంచొచ్చిన గడ్డం డైరెక్టరు విన్నాడు. కుర్రాడేమో పట్నం పోయి రేడియోలు బాగుచేయడం నేర్చుకుంటానంటాడు, ఆయనేమో నోర్మూసుకుని చేపల పడవెక్కమంటాడు. ఇంకేం, నాకు కథ దొరికింది, మీ ఇద్దరే నటించండన్నాడు డైరెక్టరు. ఎస్కిల్ ఎందుకొప్పుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. పడవ ఇంజను పాడై ఖాళీగా కూర్చున్నాడనుకో. ఆ ఏడాది గాలివానల సంగతి మొదలెడితే ఇక తెమలదు. ఏం చెప్తున్నా? ఆఁ, ప్లేట్లు.

వంట నాది. ప్రతి టేక్‌కీ ప్లేట్లోంచి పొగ రావాలట. వేయించిన చేప, ఉడికిన బంగాళాదుంపలు, తెల్లసాసు, ఎప్పటికప్పుడు వేడివేడిగా. సీనేమిటంటే, కుర్రాడు "నీ ఇల్లూ వద్దు, నీ పడవా వద్దు" అని అరిచి, లేచి వెళ్ళిపోవాలి. అరిచాడు, బానే అరిచాడు. లేచాడు. లేచి, "భోజనానికి థాంక్స్, నాన్నా" అన్నాడు! మరి మన ఇళ్ళల్లో ఆ మాట అనకుండా బల్ల దగ్గర్నుంచి లేస్తామా? మాటలొచ్చీ రాగానే నేర్పేస్తాంగా. దానికి ఎప్పుడూ ఇచ్చే జవాబే, ఎస్కిల్ కూడా అలవాటు కొద్దీ "ఒంటికి పట్టాలి రా" అనేశాడు. డైరెక్టరు నెత్తి బాదుకున్నాడు. "బాబూ, నువ్వు తిరగబడుతున్నావు! తిరగబడేవాడు థాంక్స్ చెప్తాడా?" మళ్ళీ చేప వేయించా. మళ్ళీ అదే. ఆరు ప్లేట్లమ్మా, ఆరుసార్లూ అన్నాడు. కెమెరా అతను నవ్వాపుకోలేక చస్తున్నాడు. అప్పుడు ఎస్కిల్ కుర్చీలో వెనక్కి వాలి, "మీరెన్ని తిప్పలు పడ్డా లాభం లేదు సార్. వాడు నా కొడుకు. నా బల్ల దగ్గర్నుంచి ఆ మాట అనకుండా లేవలేడు" అన్నాడు. మురిపెంగానే అన్నాడు. కుర్రాడి మొహం ఎర్రబడటం నేను చూశాను.

ఏడో ప్లేటు పెట్టా. ఈసారి అరవలేదు, ఇల్లూ పడవా వద్దన్న ఆ మాటే మెల్లగా చెప్పాడు. లేచాడు, తండ్రి కళ్ళల్లోకి చూశాడు, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఎస్కిల్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. చూడు, ఇదిగో ఈ మొహమే. ఏం నటన అని పేపర్లో రాశారు. ఆ సాయంత్రమే పల్లే సినిమావాళ్ళ వ్యానెక్కి పట్నం పోయాడు. ఊళ్ళోవాళ్ళు సినిమా చూసి, పెంపకం అలా ఏడ్చింది అని ఎస్కిల్‌నే అన్నారు. "ఆరుసార్లు అన్నాడు, కావాలంటే ఎల్నాని అడగండి" అంటూ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు పాపం. ఎల్నా అంటే నేనేగా, అవునని చెప్పేదాన్ని. క్రిస్మస్‌కి కొడుకు కార్డు వేసేవాడు. "కార్డులెందుకు? వచ్చి నా బల్ల ముందు ఆ మాట అనమను" అనేవాడు ఎస్కిల్. ఆయనా పంతమే, వాడూ పంతమే. పదిహేడేళ్ళు. నాకైతే ఇద్దరిమీదా కోపమే.

ఎస్కిల్ పోయాక వచ్చాడు. సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఇంట్లోనే రొట్టే కాఫీ పెట్టా. పల్లే ఆ బల్ల దగ్గరే కూర్చుని తిన్నాడు. లేచి, ఖాళీ కుర్చీ వైపు చూసి, "భోజనానికి థాంక్స్, నాన్నా" అన్నాడు. అని, కదలడే. జవాబు రాకుండా ఎలా వెళ్ళాలో తెలీనట్టు నిలబడే ఉన్నాడు. "ఒంటికి పట్టాలి రా" అని నా నోటిదాకా వచ్చింది. అనలేదు. అది నేననాల్సిన మాట కాదుగా.

ఆ ఫోన్ తీసెయ్ అమ్మా. నీ కాఫీ చల్లారిపోయింది, వేరేది పోస్తానుండు.