అమ్మ పొలానికి రాలిన ఆకు

చింతపల్లి పైన అడవిలో చెట్ల కింద కట్టిన వలల్లోంచి, పరిశోధన కోసం రాలుటాకులను ఒకామె సంచిలోకి ఎత్తుతోంది. పక్కన ఆమె పిన్ని కూర్చుంది.

“ఈ ఆకులతో ఏటి సేత్తావే, గుంటా?”

“పొడి కొట్టి సూత్తాం పిన్నీ. అడవిలో మేం ఎరువేసి సూసిన చోట రాలిన ఆకులో బలం ఎక్కువుంది.”

“ఎరువెయ్యని చోట?”

“తక్కువే.”

“ఆ ఆకే మీయమ్మ గంపతో మోసి పొలంలో పరిసేది. అక్కడ పండిన సోళ్ల అంబలే నువ్వు తాగి పెరిగావు.”

“తడిసిన ఆకు వాసనొస్తే అమ్మ పక్కనున్నట్టే ఉంటాది. ఆ పొలం ఇప్పుడెలాగుంది?”

“మా అప్ప, అదే మీయమ్మ, పోయాక ఎవులూ దున్నలేదు. తుప్పలు లేసిపోయాయి.”

“నా పని ఇయాలతో అయిపోయింది. మిగిలిన ఆకు అక్కడ పరిసేద్దామా?”

“పరిస్తే సాలదు. ఇత్తనాలెవులు జల్లుతారు?”

“నువ్వు నేర్పితే నేను జల్లుతాను.”

పిన్ని లేచి కొంగు నడుముకు దోపుకుంది.

“అయితే బేగి పద. వాన రాకముందే తుప్పలు కొట్టాలి.”