చెవిలో గొట్టం

షెడ్డులో పాత కారు బానెట్ ఎత్తి ఉంది. ముసలి మెకానిక్ రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను నడుస్తున్న ఇంజన్ చుట్టూ తిప్పుతున్నాడు. కూతురు స్టీరింగు ముందు కూర్చుంది.

“ఇంకా ఎక్కడో గాలి లాగుతోందమ్మా. బుస్సుమంటోంది.”

“చిట్లిన పైపు మార్చగానే వణుకు ఆగిపోయింది కదా నాన్నా. ఇంజన్ నిలకడగానే ఉంది.”

“నలభై ఏళ్లలో ఈ చెవి ఒక్కసారైనా అబద్ధం చెప్పిందా?”

“అలా అనే మిగతా పైపులన్నీ పీకి మళ్లీ బిగించారు. నిన్న వ్యానుకీ ఇదే మాట. మొన్న జీపుకీ ఇదే మాట.”

“వాటికీ లీకుంది.”

“నాకేం వినపడలేదు.”

“నీకింకా చెవి కుదర్లేదులే. ఇదిగో, కార్బురేటర్ కిందే!”

“ఒక్క నిమిషం.” ఆమె తాళం తిప్పింది. “ఇంజన్ ఆపేశాను. ఆగిన ఇంజన్ గాలి పీల్చదు కదా. ఇప్పుడు వినండి.”

అతను గొట్టాన్ని కార్బురేటర్ కింద పెట్టాడు. పక్కకి జరిపాడు. మళ్లీ కిందికి తెచ్చాడు. చాలాసేపటికి చెవిలోంచి తీసేశాడు.

“ఏమైంది నాన్నా?”

“వినిపిస్తోందమ్మా. గొట్టం తీసేసినా వినిపిస్తోంది.”